అన్ని కార్లకూ ఒకటే గొంతు

ఇల్డో బెరార్ది దుకాణానికి చేరే కంప్యూటర్లన్నీ ఎవరో ఒకరు వద్దనుకున్నవే. బ్యాంకు మార్చేసినవి, బడి పక్కన పెట్టేసినవి, కొత్తది కొనుక్కుని ఎవరో ఇంట్లో వదిలేసి వెళ్ళినవి. బ్యూనస్ ఎయిరెస్ బస్సు ఆగే మూల మీద, ఒకప్పుడు ఊరంతా గంటల లెక్కన ఇంటర్నెట్ చూసుకున్న గదే ఇప్పుడు అతని దుకాణం. పాత పెట్టె మూత తీస్తే లోపల పంపా మైదానపు దుమ్ము గోధుమరంగులో, మెత్తగా, ముడుచుకుని నిద్రపోతున్న జంతువులా ఉండేది. ఇల్డో దాన్ని బ్రష్షుతో నెమ్మదిగా లేపి, గుమ్మం దాకా సాగనంపి, మళ్ళీ మైదానంలో కలిపేవాడు. తర్వాత ఫ్యాను తిప్పి చెవి దగ్గర పెట్టుకునేవాడు. అది తిరిగితే అతని ముఖంలో ఒక వెలుగు వచ్చేది.

పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, ఎవరూ పాతబడలేదు నాకోసం అని నవ్వేవాడు.

లాస్ తోర్కాసస్ ఊళ్ళో ఇల్డో గురించి ఎవరినడిగినా ముందు చెప్పేది క్లబ్బు రేసుల సంగతే. శీతాకాలం ఆదివారాల్లో, నిజం రేసులు ఎక్కడో దూరపు ఊళ్ళలో జరుగుతుంటే, క్లబ్బు హాల్లో గెలిచిన కప్పుల అలమారా కింద పాత కంప్యూటర్లు వరసగా పెట్టుకుని మావాళ్ళు తెర మీద కార్లు నడిపేవాళ్ళు. నిజం కార్ల బరువుతో, నిజం రోడ్ల వంపులతో ఎవరో ఓపిక ఉన్నవాళ్ళు తయారుచేసిన ఆట అది. టైరు వేడెక్కితే జారుతుంది, పెట్రోలు తగ్గితే కారు తేలికవుతుంది. అంత నిజం మోయడానికి మంచి యంత్రాలు కావాలి. క్లబ్బులో ఉన్నవి మంచివి కావు. ఉన్నదున్నట్టు ఆడిస్తే, సరిగ్గా మలుపు దగ్గర తెర ఒక్క క్షణం కొయ్యబారిపోయేది. మళ్ళీ కదిలేసరికి కారు గడ్డిలో ఉండేది, నడిపేవాడి నోట్లో తిట్టు ఉండేది.

ఆ ఒక్క క్షణాన్ని తీసేయడమే ఇల్డో పని. బరువు దించడం అనేవాడు దాన్ని. ముందు నీడలు తీసేశాడు. నీడ లేని కారు కొంచెం తేలినట్టు కనిపించింది గానీ ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత కారు రేకు మీద మెరిసే ఆకాశాన్ని తీసేశాడు. తర్వాత మబ్బుల్ని, గాలికి ఊగే గడ్డిని. ఒక్కో వారం ఆ లోకంలోంచి ఏదో ఒకటి వెళ్ళిపోయేది, కార్లు ఇంకొంచెం జారుగా పరుగెత్తేవి. ఆ మాయమైన వాటిని అతను చెరపకుండా ఒక పాత డిస్కులో దాచేవాడు. ఆకాశాన్ని పారేయడానికి అతనికి చెయ్యి రాలేదు.

హాల్లో ఒక మూల పెద్ద స్పీకరు ఉండేది. దాని పక్క కుర్చీ అతని బావ నజరేనో కిరోగాది. నజరేనో ఇంజన్ల మెకానిక్కు. షుగరు అతని కళ్ళు తీసుకుంది. ఒక్కసారిగా కాదు. మొదట రంగులు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి, అన్నీ ఒకే బూడిదరంగయ్యాయి, ఆ తర్వాత ఆ బూడిదరంగూ పోయింది. చెవులు మిగిలాయి. ఆ చెవులతోనే అతను ప్రతి ఆదివారం మైకు పట్టుకుని రేసంతా చెప్పేవాడు. స్పీకరులో కార్లు దూరం నుంచి వచ్చి, ఉరిమి, వెళ్ళిపోతుంటే, ఏ కారు ఏదో, ఎవరు ఎవరిని దాటారో, ఎవరు గేరు ఆలస్యంగా వేశారో కళ్ళున్నవాళ్ళ కంటే ముందు చెప్పేవాడు. కసాయి సపికో మలుపు దగ్గర భయపడ్డాడంటే భయపడినట్టే. సపికో ఒట్టేసి కాదన్నా జనం నజరేనోనే నమ్మేవాళ్ళు. వారం పొడవునా గోడ పట్టుకుని నడిచే మనిషి ఆ గంటసేపు ఊరందరికీ దారి చూపేవాడు.

కారు రేసుల్లో బెరార్దీలు షెవర్లే పక్షం, కిరోగాలు ఫోర్డు పక్షం. ఇది మా ఊళ్ళో చిన్న విషయం కాదు. ఇల్డో అక్క దెల్ఫీనా ఫోర్డు ఇంటికి కోడలిగా వెళ్తానన్నప్పుడు వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడు గానీ, పెళ్ళిరోజున పెళ్ళికొడుకు వాళ్ళ ఫోర్డు కారెక్కనని కొత్త బూట్లతో బురదలో నడిచి చర్చికి వెళ్ళాడు. బావాబావమరుదులిద్దరిదీ అదే వరస. ఆదివారం రేసులో ఎవరి పక్షం కారు ఓడితే వాడు అలిగి మాట్లాడడం మానేస్తాడు. గెలిచినవాడు పలకరించకూడదు, పలకరిస్తే జాలి చూపించినట్టు. ఆ అలక దానంతటదే పండి, ఓడినవాడే మాంసం పట్టుకుని వచ్చి, నిప్పు దగ్గర నిలబడి మొదటి తిట్టు తిట్టాలి. అప్పుడు మళ్ళీ మాటలు. పెళ్ళైన నాటి నుంచి వాళ్ళ స్నేహం నడిచిన పద్ధతి అది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం లేదంటే అంతా బాగానే ఉందని దెల్ఫీనాకు అర్థం.

ఆ ఏడు శీతాకాలంలో పక్కూరు సాన్ లదిస్లావో వాళ్ళు పోటీకి వస్తామని కబురు పెట్టారు. అంటే కుర్చీలు ఎక్కువ కావాలి, యంత్రాలు ఎక్కువ కావాలి. దుకాణంలో అట్టడుగు అరలో ఉన్న ముసలి పెట్టెల్ని కూడా ఇల్డో పైకి తీశాడు. ఎన్ని చేసినా అవి మలుపు దగ్గర కొయ్యబారుతూనే ఉన్నాయి. తీయడానికి ఇంక మిగిలింది కొంచెమే. రోడ్డు వెంట పాప్లర్ చెట్లు, కంచె అవతల మాంసం కాల్చుకుంటూ చేతులూపే జనం, దూరంగా ధాన్యం గోదాములు. క్లబ్బు పెద్ద మబెల్ తుర్దో వచ్చి చూసి, వాటి జోలికి మాత్రం వెళ్ళొద్దంది. బయటివాళ్ళు వస్తున్నారు, వాళ్ళ ముందు మన రోడ్డు బోసిగా ఉంటే పరువేముంటుంది అంది.

అందుకని ఇల్డో శబ్దాల మీద చెయ్యి వేశాడు.

ఆ ఆటలో ఒక్కో కారుకు ఒక్కో గొంతు ఉంది. వేగం ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి, పెడల్ వదిలితే దగ్గేది ఇంకొకటి. అవన్నీ కలిసి ఆ ముసలి పెట్టెల ఊపిరి తీస్తున్నాయి. అన్నిటినీ పక్కన పెట్టి, అన్ని కార్లకూ ఒకటే గొంతు ఇచ్చాడు. తెర నీళ్ళలా కదిలింది. మలుపు వచ్చింది, పోయింది, ఏమీ ఆగలేదు. ఆ ఒక్క గొంతు ఎవరిదై ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అతని చెయ్యి తడుముకోలేదు. షెవర్లేది పెట్టాడు. పెట్టి తనలో తను నవ్వుకున్నాడు కూడా. బావ మొదటి చుట్టులోనే పట్టేస్తాడు, మైకులో తనను ఏడు తరాలతో కలిపి తిడతాడు, హాలంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది. ఆ తిట్లు ఎలా ఉంటాయో ఊహించుకుంటూ ఇల్డో ఆ వారమంతా ఈల వేస్తూ పనిచేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే సరదా పోతుందనుకున్నాడు.

ఆదివారం వాన పడింది. హాల్లో తోర్త ఫ్రీతాలు, అవే నూనెలో వేయించిన రొట్టెలు, వాటి వాసన, తడిసిన ఉన్ని వాసన. సాన్ లదిస్లావో వాళ్ళు తమ కుర్చీల్లో సర్దుకున్నారు. నజరేనో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, గొంతు సవరించుకున్నాడు, వచ్చినవాళ్ళకు స్వాగతం చెప్పి, వాళ్ళ ఊరి రొట్టె గట్టిదనీ మనుషులు మెత్తనివారనీ నవ్వించాడు. రేసు మొదలైంది.

మొదటి చుట్టులో, ముందున్నది సపికో షెవర్లే అని చెప్పాడు. ముందున్నది ఫోర్డు నడుపుతున్న బడి టీచరు నొయేమి. జనం నవ్వారు, ఆవిడను ఏడిపిస్తున్నాడనుకుని. రెండో చుట్టులో మళ్ళీ సపికో అన్నాడు. నొయేమి తెర మీంచి కళ్ళు తీయకుండానే కేకేసింది.

"నేను, దోన్ నజరేనో. కసాయి వెనక ఎక్కడో గొడ్లు తోలుకుంటున్నాడు."

నజరేనో ఆగాడు. తల కొంచెం పక్కకు వాల్చాడు, గోడ అవతలి మాట వినేవాడిలా. తర్వాత, "అయితే ఇవాళ టీచరమ్మ కసాయి బండి ఎక్కినట్టుంది," అన్నాడు. హాలు గొల్లుమంది. సాన్ లదిస్లావో వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఇల్డో తిట్ల కోసం చూశాడు. తిట్లు రాలేదు. ఆ పైన నజరేనో పేర్లు చెప్పడం తగ్గించాడు, వాన గురించి చెప్పాడు, రోడ్డు గురించి చెప్పాడు, చివరికి గొంతు పట్టేసిందని మైకు మబెల్ చేతికిచ్చి కుర్చీలో వెనక్కి వాలాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని రేసు అయ్యేదాకా అలాగే ఉన్నాడు.

ఇల్డో అప్పుడే లేచి వెళ్ళి చెవిలో చెప్పి ఉండొచ్చు. స్పీకరు దాకా నాలుగడుగులు. కానీ సగం హాలు ఫోర్డు జనం. తమ కార్లు షెవర్లే గొంతుతో అరుస్తున్నాయని బయటివాళ్ళ ముందు తెలిస్తే కుర్చీలు లేస్తాయి, పోటీ ఆగిపోతుంది. పైగా తెర ఒక్కసారి కూడా తడబడలేదు. అంత ముసలి పెట్టెలతో ఇది ఎలా సాధ్యమని సాన్ లదిస్లావో వాళ్ళు అతని చుట్టూ మూగారు. అతను తల దించుకుని నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. ఆ పొగడ్త వెచ్చగా ఉంది. తల ఎత్తేసరికి స్పీకరు పక్క కుర్చీ ఖాళీ.

అలిగాడు, అనుకున్నాడు ఇల్డో. పట్టేశాడు, పరాయివాళ్ళ ముందు పరువెందుకని మింగేశాడు, ఇంటికెళ్ళి అలిగాడు. ఈసారి అలక పెద్దదే.

పద్ధతి ప్రకారం అతను ఎదురుచూశాడు. మరుసటి ఆదివారం నజరేనో రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అడిగినవాళ్ళకు ఇల్డో, ఫోర్డు వాళ్ళ అలక ఇంజను లాంటిదే, చల్లారడానికి టైము పడుతుందని చెప్పి కన్నుగీటేవాడు. శనివారాల్లో నిప్పు రాజేసి వీధి వైపు చూసేవాడు. మాంసం పొట్లంతో బావ వస్తాడు, మొదటి తిట్టు తిడతాడు. మంచు పడ్డ పొద్దున్నల్లో మైదానం తెల్లగా, ఎవరూ ఇంకా ఏమీ రాయని కాగితంలా ఉండేది. అతను ఆ తిట్టుకు జవాబు సిద్ధం చేసుకుని, దాన్నే మార్చి మార్చి దిద్దుకునేవాడు. వెళ్ళి తలుపు తట్టాలని ఒకటి రెండుసార్లు అనిపించింది. తడితే జాలి చూపించినట్టవుతుందని ఆగాడు.

ఆగస్టు చివర్లో, మా వైపు శీతాకాలం ముగుస్తుండగా, దెల్ఫీనా దుకాణానికి వచ్చింది. చేతిసంచీలోంచి వంటింటి రేడియో తీసి బల్ల మీద పెట్టింది.

"పాడైందంటున్నాడు మీ బావ. చూడు."

ఇల్డో దాన్ని పెట్టి చూశాడు. ఎవరో గోధుమ ధరలు చదువుతున్నారు. అక్షరం అక్షరం అద్దంలా వినపడుతోంది. స్టేషను మార్చాడు, పాట వచ్చింది, అదీ శుభ్రంగానే ఉంది.

"దీనికేం కాలేదక్కా."

"కాలేదని నాకూ తెలుసు." ఆమె కోటు కూడా విప్పకుండా స్టూలు మీద కూర్చుంది. ఆదివారం రేసు పెడితే కట్టేయమంటున్నాడట. అన్నీ ఒకేలా మోగుతున్నాయంటాడట. ముందు స్టేషను తిట్టాడు, తర్వాత రేడియోను తిట్టాడు, ఇప్పుడు ఏదీ తిట్టడం లేదట. అవన్నీ చెప్పి చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "నిన్న వీధి తలుపు దగ్గర నిలబడి, వెళ్ళిన బండి ఏంటో చెప్పమని అడిగాడురా. నన్ను," అంది.

ఇల్డో చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు. హాల్లో బావ తల పక్కకు వాల్చిన తీరు ఇప్పుడు కళ్ళ ముందుకొచ్చింది. అది కోపంతో వాల్చిన తల కాదు. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు దొరకని మనిషి తల అది.

అక్కకు అంతా చెప్పాడు. ఆమె విన్నంతసేపూ రేడియో మీద చెయ్యి వేసే ఉంచింది, జ్వరం చూస్తున్నట్టు. తిట్టలేదు. "వెళ్ళి ఆయనకి చెప్పు," అంది. "నేను చెబితే నమ్మడు. తనను ఓదార్చడానికి అంటున్నాననుకుంటాడు."

ఆ మధ్యాహ్నమే ఇల్డో ఒక పెట్టె, ఒక స్పీకరు, ఆ పాత డిస్కు వ్యానులో వేసుకుని వెళ్ళాడు. నజరేనో షెడ్డులో ఉన్నాడు. ముందు డబ్బాలు పెట్టుకుని నట్లు వేళ్ళతో తడిమి వేరుచేస్తున్నాడు. ముందైతే వ్యాను మూల తిరగ్గానే, సైలెన్సర్ మార్చరా దరిద్రుడా అని లోపల్నించే అరిచేవాడు. ఇప్పుడు ఇల్డో గుమ్మంలో నిలబడ్డాక తల ఎత్తి అడిగాడు.

"ఎవరూ?"

"నేనే బావా. ఇల్డో."

"గ్రింగో. రా."

అలక లేదు. ఇటలీ వంశాలవాళ్ళను ఊళ్ళో పిలిచే ఆ పిలుపులో ఏమీ లేదు. ఇల్డో నిలబడే చెప్పాడు, ముసలి పెట్టెల గురించి, మబెల్ మాట గురించి, అన్ని కార్లకూ ఒకటే గొంతు పెట్టిన సంగతి, అది షెవర్లేదన్న సంగతి. చెబుతుంటే ఆ మాటలు సిద్ధం చేసుకున్న హాస్యంలోంచి వచ్చినవి కాక, ఎక్కడో నేలమీద ఏరుకున్నవిలా వచ్చాయి. నజరేనో వేళ్ళు నట్ల మధ్య ఆగలేదు.

"దెల్ఫీనా పంపిందా?"

"పంపింది. కానీ చెప్పింది నిజం."

"మంచి అబద్ధం. కష్టపడి అల్లారు ఇద్దరూ."

ఇల్డో పెట్టెకు తీగలు కలిపాడు. పోటీ ఆదివారం నాటి గొంతు వినిపించాడు, కార్లు ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి. తర్వాత డిస్కులోంచి పాత శబ్దాలు వెనక్కి పెట్టి, అవే కార్లను మళ్ళీ పంపాడు. షెడ్డు రేకులు అదిరాయి. నజరేనో చేతులు ఆగాయి.

"ఇది ఫోర్డు," అన్నాడు. మరొకటి వెళ్ళింది. "ఇదీ ఫోర్డే. ఇది మీ సన్నాసి షెవర్లే." చివరి కారూ వెళ్ళిపోయింది. బయట గాలికి తలుపు కొట్టుకుంటోంది.

"ఆ రోజు ఒక్క ఫోర్డూ వినపడలేదురా నాకు," అన్నాడు. "చెవుల్లో ఆ గొంతు వినే చోటు చచ్చిపోయిందనుకున్నా. కళ్ళూ ఇలాగే మొదలయ్యాయి, గుర్తుందిగా. ముందు అన్నీ ఒకే రంగయ్యాయి." ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళానన్నాడు, దెల్ఫీనాకు కూడా చెప్పకుండా, పక్కింటాయన్ని తోడు తీసుకుని. చెవులకేం కాలేదన్నాడట డాక్టరు. కళ్ళప్పుడు కూడా మొదట ఇంకో డాక్టరు ఏం కాలేదనే అన్నాడు కాబట్టి నమ్మలేదట.

"నీకు ఆ రోజే తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ?"

"నువ్వు పట్టేశావనుకున్నా బావా. అలిగావనుకున్నా."

నజరేనో ఒక నట్టు తీసుకుని బొటనవేలితో దాని మర తడిమాడు. "అలగాలంటే వినపడాలి కదరా," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఇల్డో ఆ తిట్టు కోసం అక్కడే నిలబడ్డాడు, కానీ దెల్ఫీనా మాతె ఆకు టీ పోసి తెచ్చింది, ముగ్గురూ ఆ ఒక్క గిన్నే మార్చుకుని తాగారు, మాటలు కోళ్ళ మీదికి, పక్కింటి గోడ మీదికి పోయాయి. వెళ్ళేటప్పుడు నజరేనో అతని భుజం తట్టాడు. అంత మెత్తగా ఎప్పుడూ తట్టలేదు.

ఆ వారం ఇల్డో క్లబ్బు యంత్రాలన్నిటినీ దుకాణానికి తెచ్చుకున్నాడు. గొంతులన్నీ తిరిగి పెట్టాడు. ఆ బరువు మోయడానికి మిగతావన్నీ తీసేశాడు. పాప్లర్లు పోయాయి. గోదాములు పోయాయి. కంచె అవతల మాంసం కాల్చుకునే జనం ఒక్క మీటతో లేచి ఎటో వెళ్ళిపోయారు. మిగిలింది బూడిదరంగు రోడ్డు, దాని చుట్టూ రంగు లేని నేల, పైన ఏమీ లేని ఆకాశం. కార్లు మాత్రం ఒక్కోటీ తన గొంతుతో ఆ ఖాళీని చీల్చుకుంటూ వెళ్ళాయి, ఎక్కడా ఆగకుండా. ఇది ముందే చేసి ఉండొచ్చు. చూసేవాళ్ళను దృష్టిలో పెట్టుకున్నాడు, ఆ హాల్లో చూడలేనివాడు ఒకడున్నాడని తెలిసి కూడా.

ఆదివారం కుర్రకారు గొణిగింది, ఇది రోడ్డా శ్మశానమా అని. మబెల్ ముఖం ముడుచుకుంది. నొయేమి మాత్రం తన కుర్చీలో కూర్చుని, తలుపు వైపు చూసింది. దెల్ఫీనా చెయ్యి పట్టుకుని నజరేనో వచ్చాడు. హాలు చప్పట్లు కొట్టింది. అతను స్పీకరు పక్కన కూర్చుని, మైకు అందుకుని, ఇల్డోను పిలిచి పక్కన కుర్చీ వేసుకోమన్నాడు. ఎందుకో చెప్పలేదు.

రేసు మొదలైంది. కార్లు దూరం నుంచి వచ్చాయి. నజరేనో మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టి, ఇల్డో వైపు వంగాడు.

"నొయేమి కదా?"

"అవును బావా."

అప్పుడు చెయ్యి తీసి హాలుకు చెప్పాడు, నొయేమి ముందుందని. తర్వాతి కారుకూ అంతే. ఆ తర్వాతి దానికీ అంతే. అడిగిన ప్రతి పేరూ సరైనదే. సపికో మలుపు దగ్గర కాలు తీశాడన్నదీ సరైనదే, అదీ అడిగాకే చెప్పాడు. జనానికి తేడా తెలియలేదు. కొంచెం నెమ్మదించాడు పాపం, వయసు, అనుకుని ఉంటారు.

ఒకసారి రెండు కార్లు పక్కపక్కనే వచ్చాయి. నజరేనో వంగి పేరు చెప్పి ఆగాడు. ఆ క్షణంలో ఇల్డో తెర వైపు కాదు, అతని ముఖం వైపు చూస్తున్నాడు, అందుకే జవాబు ఆలస్యమైంది. నజరేనో మైకు మీద చెయ్యి అలాగే ఉంచి, తెలిసిన పేరును నోట్లోనే పట్టుకుని, ఎదురుచూశాడు. కార్లు మలుపు దాటి వెళ్ళిపోయాయి.